జమ్మికాయ

రేటు పెరిగిందని మూడు దినాలాయె
గడ్డి లారీ రాలే.
ఇబ్రీ ఎండల నూటపన్నెండు ఆవులు
ఫ్యాన్ల కింద నిలబడి
ఖాళీ గాడిని నాకుతున్నయి.

వాదీల ఘాఫ్ చెట్ల కింద
రాలి ఎండిన కాయలు.
సూడానీ ఇద్రీస్ ఒకటి నోట్లేసుకొని
తీపే అన్నట్టు తలూపిండు.
అప్పుడు చూసిన చెట్టును.
మన జమ్మి.
దసరానాడు దీని ఆకునే
బంగారమని చేతుల పెట్టుకుంటిమి,
కాయ దిక్కు ఎన్నడు చూడలే.

పద్నాలుగు బస్తాలు ఏరినం.
గింజ నలగకుంటే
పేడలనే పోతదని మిల్లుల పోస్తే
ఒకటే బెల్లం వాసన,
ఒకటే తుమ్ములు.
తవుడుల పావువంతు కలిపినం, భయం భయంగ.

చెవికి నాలుగొందల పదిహేడు బిళ్లున్న ముసలావు
ముందుగాల మూతి తిప్పుకుంది.
పక్కదాని పండ్ల కింద పరపర విని
మెల్లగ తల దించింది.

వారం దాటినా క్యాన్ల పాలు తగ్గలే.
కఫీల్ ఫోన్ల అడిగిండు, ఏం పెడుతున్నవ్ ఓదెలూ?
అరబ్బీల ఆ చెట్టు పేరొస్తది నాకు,
బంగారం అననీకి మాటొస్తది.
రెండిటిని కలిపి చెప్పుడే రాదు.

కాయలు సార్, అన్న.