తొమ్మిది

మాఘమాసంలో ఒక పూట ట్యాబు పట్టుకొని వచ్చినాయన
చెప్పులు విప్పకుండానే పిల్లల్ని లెక్కేశాడు.
తొమ్మిది.
ఇంకోసారి లెక్కేయమన్నాను.
నిద్రపోతున్న గురవమ్మ కూతుర్ని దుప్పటి తీసి చూపించాను.
ఆ పిల్లతో కలిపే తొమ్మిది, అన్నాడు.

ఇంకా ఎనిమిది మంది ఉన్నారయ్యా,
గుంటూరు వైపు మిరప కోతలకి పోయినారు,
ఏసుపాదం కొడుకు, కాశమ్మ కవలలు,
పేరేందిరా అంటే బెల్లం అని చెప్పే ఆ బుడ్డోడు,
ఉగాది దాటితే వస్తారు.
"వస్తారు" అనే గడి ఇందులో లేదమ్మా, అన్నాడు.
చెడ్డవాడేం కాదు. మంచినీళ్ళు అడిగాడు,
బిందె వైపు చూసి మళ్ళీ వద్దులే అన్నాడు.
మా నీళ్ళు తాగితే పళ్ళకు పచ్చగార పడుతుందని
కనిగిరి దాటి ఇటొచ్చే అందరికీ తెలుసు.
ఆ నీళ్ళు తాగే పిల్లలకే పాలు పొయ్యాలని
రాసిన కాగితం ఆయన వీపు వెనక గోడకుంది.

పదికి ఒకటి తక్కువ.
అందుకని మా అంగన్‌వాడీని పెద్దూరి బడిలో కలిపేస్తారంట.
మధ్యలో వాగు, ఇసుక ట్రాక్టర్లు.
మూడేళ్ళ పిల్లకి మూడు కిలోమీటర్లు,
ఏడాదికొకటి లెక్కన సరిపోయిందనుకున్నారో ఏమో.

గ్రామసభ పెట్టారు.
షామియానా మా గుమ్మం ముందే.
మైకుకి కరెంటు మా మీటరు నుంచే లాగారు,
ఆ బిల్లు నా జీతంలోంచి కడుతున్నానని ఎవరికీ గుర్తు లేదు,
నేనూ గుర్తు చెయ్యలేదు.
ఒకాయన లేచి, కలపడమంటే మూయడం కాదు,
అక్కడ రంగుల గోడలు, టీవీ, ఉయ్యాల, అన్నాడు.
ఇంకొకాయన లేచి, పసిబిడ్డల నోటికాడి గుడ్డు లాగేస్తారా, అన్నాడు.
మీ హయాంలో అద్దె ఎన్ని నెలలు ఎగ్గొట్టారో చెప్పమంటారా?
మీ హయాంలో గుడ్లు ఏ సైజులో వచ్చాయో చూపించమంటారా?
కోట్లు అటు పోయినాయి, కోట్లు ఇటు వచ్చినాయి.
పదకొండున్నర దాటింది.
ఉడికిన గుడ్లు గిన్నెలో చల్లారిపోతున్నాయి, వలిచి పెట్టే వీల్లేదు,
ఫోటో కోసం పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు.

గురవమ్మ కూతురు ప్రసన్నాంజలికి నాలుగు నిండలేదు.
మొన్ననే పది దాకా నేర్చింది,
దొరికిందల్లా లెక్కేస్తది, చాపకున్న చిల్లులు, గోడ మీది బల్లులు.
వేదిక మీది వాళ్ళని వేలు చూపించి మొదలుపెట్టింది.
మైకు ఆగిన సందులో ఊరంతా విన్నది:
తొమ్మిదీ!
ముందు ఆడోళ్ళు నవ్వారు, తర్వాత మగోళ్ళు.
వేదిక మీద ఒకే ఒకడు నవ్వాడు,
అదీ అర్థం కాక.

నవ్వితే ఆర్డరు ఆగుద్దా.
ఫాల్గుణంలో కాగితం వచ్చింది.
తూకం కాటా, కుక్కరు, చిన్న కుర్చీలు పదకొండు
ఆటోకెత్తుకొని పోయారు.
రాజకుమారి టీచర్ని అక్కడికేశారు.
నన్ను ఎక్కడికీ వెయ్యలేదు, తీసెయ్యనూ లేదు.
పిల్లల ఎత్తు కొలిచి గోడకి గీసిన బొగ్గు గీతల్ని మాత్రం
ఎట్టా మోసుకుపోవాలో తెలీక వదిలేశారు.

ఉగాది అయిన నాలుగో రోజు
అర్ధరాత్రి లారీ ఆగిన చప్పుడు.
తెల్లారేసరికి తలుపు కాడ ఎనిమిది మంది,
ఎర్రబడిన కళ్ళు, కారే ముక్కులు.
వేళ్ళు మండి నోట్లో పెట్టుకుంటే
నోరు మండి ఏడుస్తున్నారు కవలలు.
బుడ్డోణ్ణి పేరడిగాను.
మిరక్కాయ్, అన్నాడు.

తాళంచెవి అప్పజెప్పమని నన్నెవరూ అడగలేదు.
కొంగుముడి విప్పాను.
లోపల చాప కూడా లేదు.
ఇంట్లో గిద్దెడు రవ్వుంది, ముంతెడు మజ్జిగుంది.
ముందు మజ్జిగతో చేతులు కడగాలి.
వరసగా నిలబడండి రా, అటు కాదు, ఇటు.
కవలల్లో పెద్దది వినకుండా పోయి
గోడకానుకొని నిటారుగా నిలబడింది.
దసరాకి గీసిన గీత రెండు వేళ్ళు కిందికి పోయింది.

బొగ్గుముక్క ఇక్కడే యాడో పెట్టినాను.