గడ్డం కొంచెం పైకి

ముప్ఫై ఒక్క ఏళ్ళు పాస్‌పోర్టు ఫోటోలు తీశాను నేను.
నీలం తెర, గుండ్రటి స్టూలు, రెండు దీపాలు.
గడ్డం కొంచెం పైకి. నవ్వొద్దు. అయిపోయింది.
దుకాణం మూసేశాక
అదే మాట రాళ్ళతో అంటున్నాను,
పాయ్సండూకు ఎగువన, ఉరుగ్వే నది ఒడ్డున,
మునిసిపాలిటీ వారి సమాధుల తోటలో.

ఇక్కడ సూర్యుడు ఉత్తరాన నడుస్తాడు.
దక్షిణానికి మొహం తిప్పిన రాళ్ళు
నడివేసవిలో పొద్దుటి పూట కాస్త తప్ప
ఎండ ఎరగవు.
అందుకే ఎడిసన్.
గుంతలు తవ్వడం అతని కొలువు.
మా వైపు బిడ్డలకు గొప్పవాళ్ళ పేర్లు పెట్టుకుంటారు;
వాళ్ళన్న నెల్సన్ ఒక్కనాడూ పడవెక్కలేదు.
ఇతను మాత్రం పేరు నిలబెట్టాడు:
వాళ్ళమ్మ బీరువా తలుపు అద్దం ఊడదీసి తెచ్చి
ఎండను పక్కనుంచి వంచి రాయి మీద పోస్తాడు.
అప్పుడు లేస్తాయి అక్షరాలు,
తెల్లారుజామున పిలిస్తే పిల్లలు లేచినట్టు,
ఒక్కొక్కటీ, విసుక్కుంటూ.

"ఇంకొంచెం వంచు."
"ఇంకానా?"
"ఇంకా."

సుద్ద రుద్దను. ఇనప బ్రష్షు ముట్టను.
నీళ్ళు, మెత్తటి కుంచె, ఓపిక.
రాతిపువ్వును గీకను:
అక్షరాన్ని తిన్నదీ అదే,
ఇన్నాళ్ళూ కప్పి కాచిందీ అదే.

జూలైలో పసుపు కాగితాలు అంటించి వెళ్ళారు.
వారసులు తొంభై రోజుల్లో హాజరు కావలెను.
లేనిచో అస్థికలు ఉమ్మడి గదికి తరలింపబడును.
నాలుగో వరసలోనే ఇరవై ఆరు.
గాలికి రెపరెపలాడుతుంటే
కార్నివాల్ అయిపోయిన మర్నాటి వీధిలా ఉంది.

రెండువందల పన్నెండో నంబరు.
పింగాణీ బిళ్ళలో మొహం కొట్టుకుపోయి
జడ రిబ్బను మిగిలింది.
ఎవరూ 'నా' అనని రాయి మీద
పేరు చివరి 'నా' ఒక్కటే మిగిలింది.
అద్దం ఒంగింది.
సెవెరీనా.
చెక్కినవాడు ఒక అక్షరం మరిచిపోయి
తర్వాత నెత్తిన చిన్నదిగా ఇరికించాడు.
పుట్టింది పంతొమ్మిదివందల పదకొండులో. బతికింది ఎనిమిదేళ్ళు.
గడ్డం కొంచెం పైకి, అన్నాను. అలవాటు.
ఎడిసన్ నవ్వలేదు.

రిజిస్టరు నేలమాళిగలో ఉంది, వరదకు ఉబ్బి.
ఒక్కో పేజీ విప్పాలంటే అద్దుడు కాగితం పెట్టి
రాత్రంతా ఆగాలి.
ఆ చలికాలం ఒకే పేజీలో నలభై పేర్లు, ఒకటే రోగం.
కిందికి వచ్చేసరికి చేతిరాత వంకర్లు పోయింది;
రాసేవాడికీ ఒళ్ళు కాలుతోందేమో.
సెవెరీనా పక్కన 'తల్లిదండ్రులు' గడి ఖాళీ.
'ఖర్చు పెట్టినవారు' గడి మాత్రం చాలక
అంచు దాకా పాకింది:
ఉప్పుమాంసం కార్ఖానా బట్టలుతికే ఆడవాళ్ళు
పద్నాలుగు మంది, తలా కొన్ని చిల్లర నాణేలు.
బాస్కు పేర్లు, ఇటాలియన్ పేర్లు,
చివర ఒక పేరుకు బదులు బొటనవేలి ముద్ర.
అన్ని ఫోటోల్లోకీ
ఆ ముద్రే బాగా వచ్చింది.

ఎనభై ఎనిమిదో రోజున ఫారం నింపాను.
'మృతురాలితో సంబంధం' దగ్గర పెన్ను ఆగింది.
మేనత్తను కాను. మనవరాలిని కాను.
రాశాను: ఫోటో తీసినదాన్ని.

గుమాస్తా ఒతేగీ కళ్ళజోడు పైకి తోశాడు.
"దోన్యా సులేమా, ఈ సంబంధం మా జాబితాలో లేదు."
"ఆ పద్నాలుగు మందీ మీ గడిలో పట్టలేదు," అన్నాను.
ముద్ర వేయలేదు. చింపనూ లేదు.
మాతే గొట్టం నోట పెట్టుకుని
కిటికీ వైపు తిరిగాడు.

బయట ఎడిసన్, అద్దాన్ని వీపుకు కట్టుకుని.
"ఏమన్నాడు?"
"రెండు రోజులుంది. పద, ఇంకా ఇరవై ఐదు."
అతను ముందు నడిచాడు.
అద్దంలో పుల్లనారింజ చెట్లు ఊగుతూ,
మునిసిపాలిటీ గోడ ఊగుతూ,
మధ్యలో నేను,
రొప్పుకుంటూ,
గడ్డం కొంచెం పైకెత్తి.