కోరం

మూడో అంతస్తు. లిఫ్టు మీద ‘మరమ్మతులో ఉంది’ కాగితం
నేను ఈ ఉద్యోగంలో చేరేనాటికే పసుపెక్కింది.
వేదిక మీద మూడు కుర్చీలు.
నడిమి కుర్చీలో అయ్యగారు.
ఎడమ కుర్చీలో ఫైళ్ళు.
కుడి కుర్చీలో పద్నాలుగు నెలలుగా ఎవరూ లేరు.
ఇద్దరుంటేనే కోరం.
ఫైళ్ళని మనిషి కింద జమకట్టొచ్చని
ఏ చట్టమూ అనలేదు.

అందుకని పదిన్నరకి పిలుస్తాను: పేరు, నంబరు, సంవత్సరం.
పదకొండుకి ‘వాయిదా’ అని రాస్తాను.
నా చేతిరాతలో బాగా కుదిరిన మాట అదొక్కటే.
మొదటి అక్షరానికీ దీర్ఘమే,
చివరి అక్షరానికీ దీర్ఘమే.

బండ్లగూడ జాగీరులో ఒక కట్టడం, అరవై రెండు ఫ్లాట్లు.
తూర్పు గోడ రోడ్డు కేసి రెండడుగులు జరిగిందని మున్సిపాలిటీ.
గోడ జరగలేదు, వాళ్ళ టేపే సాగిందని బిల్డరు.
ఆ రెండడుగులు దాటడానికి
అరవై రెండు కుటుంబాలు అయిదేళ్ళుగా నడుస్తున్నాయి.

బోడ సుశీల వస్తుంది, నిమ్స్‌లో రక్తం తీసే ఆమె,
రాత్రి డ్యూటీ దిగి, మోచేతి మీద స్పిరిట్ వాసనతో.
“ఇయ్యాలన్న అయితదా సార్?”
టోలీచౌకీలో కిరాయి, కాలు పెట్టని ఇంటికి కిస్తీ,
ఒకే జీతాన్ని ఒకటో తారీఖున
చెరో చెయ్యి పట్టుకుని లాగుతాయట.
తాళంచెవి ఆమె దగ్గరే ఉంది, తలుపుకి సీలుంది.
ఒకసారి నా బల్ల మీద పెట్టి చూపించింది.
ఒక్కసారీ తిప్పకుండానే,
పర్సులో చిల్లరతో రాసుకుని రాసుకుని
దాని పళ్ళు అరిగిపోయాయి.

మేం నిద్రపోతున్నామని పేపర్లో రాశారు.
నిద్రపోవడానికైనా మనుషులుండాలి కదా.
మంజూరైన పోస్టులు ఇరవై మూడు,
జీతాల రిజిస్టర్లో సంతకాలు తొమ్మిది.
స్టెనో వసుంధర ఒక్కతే; ఆమెకి జ్వరమొస్తే
ఆ వారం తీర్పులకీ జ్వరమే.
ప్రింటరు సిరా కోసం ఖలీల్ సాబ్
సొంత డబ్బుతో చిరాగ్ అలీ లేన్‌కి పోయొస్తాడు.
బిల్లు నేను పైకి పంపుతాను,
పైవాళ్ళు అభ్యంతరం రాసి కిందికి పంపుతారు.
అదీ ఒక అప్పీలే. దానికి మాత్రం ట్రిబ్యునల్ లేదు.

అయ్యగారు ప్రభుత్వానికి ఏడు లేఖలు రాశారు.
ఏడూ నేనే టైపు చేశాను:
ఇద్దరు సభ్యులు, నలుగురు స్టెనోలు, ఒక స్కానరు.
ఏడో లేఖలో స్కానరు తీసేశారు.
బేరంలో ముందు మనమే కొంచెం తగ్గాలని
ఎవరో చెప్పారట.

బోనాల వారంలో జీవో వచ్చింది.
ఇద్దరినడిగితే ఒక్కరు, నలుగురినడిగితే ఒక్కడు.
కాశీభట్ల రోహిణి, టౌన్‌ప్లానర్‌గా రిటైరైన మనిషి,
మూడంతస్తులూ ఎక్కి, రెండో మలుపులో ఆగి ఊపిరి తీసుకుని,
కుడి కుర్చీని కొంగుతోనే తుడుచుకుని
బండ్లగూడ ఫైలు చివరిదాకా చదివి
ఒక్క ప్రశ్న అడిగింది:
“టేపుందా?”

అయిదేళ్ళలో ఎవరూ అడగని మాట.
అడిగినా, కొలవడానికి వెళ్ళేదెవరు?
ఆ శనివారం వానలో ఖలీల్ సాబ్ ఒక కొస పట్టుకున్నాడు,
ఆమె ఒక కొస.
బిల్డరు గొడుగు పట్టబోతే వద్దంది.
పదకొండంగుళాలు.
రెండడుగులూ కాదు, సున్నా కాదు.
పిట్టగోడ కొట్టెయ్యాలి, జరిమానా కట్టాలి, సీలు తియ్యాలి.
నాలుగు పేజీల తీర్పు. వసుంధర మధ్యాహ్నంలోపే కొట్టేసింది.

సుశీల ఫోన్ చేసింది.
తాళంచెవి తిరగలేదట.
మనిషిని పిలిచి తాళమే మార్పించిందట.
నవ్వుతోందో ఏడుస్తోందో
ఫోన్లో తెలియలేదు, నేనూ అడగలేదు.

రిజిస్టర్లో ఇంకా వెయ్యీ ఎనిమిది వందల నలభై ఒకటి.
రోహిణి మేడమ్‌ది ఏడాది కాంట్రాక్టు,
అందులో ఇప్పటికే నాలుగు నెలలు అయిపోయాయి.
ఎడమ కుర్చీలో ఫైళ్ళు అలాగే ఉన్నాయి.

ఎనిమిదో లేఖ టైపు చేస్తున్నాను.
స్కానరు మళ్ళీ చేర్చమన్నారు అయ్యగారు.