శైలజ అని ఉన్న బ్యాడ్జి

రాత్రి పదిన్నరకి
గ్రూపులో రేపటి పేర్లు పడతాయి.
అప్పటిదాకా
కింద పాలకొట్టు సూరిబాబు షట్టరు సగం దించి అడుగుతూనే ఉంటాడు
"రేపు అర లీటరా, పావా?"
చెప్పలేను.

ఆషాఢం తగ్గింపులకి తీసుకున్నారు నన్ను
జగదాంబ దగ్గర నాలుగంతస్తుల బట్టలకొట్లో.
కాగితం లేదు.
"అవసరాన్ని బట్టి పిలుస్తాం" అన్నాడు బంగార్రాజు.
ఎవరి అవసరమో చెప్పలేదు.
బ్యాడ్జి మాత్రం ఇచ్చాడు. దానిమీద శైలజ.
"మానేసిన పిల్లది. నీ పేరుతో కొట్టించి తెచ్చేసరికి
నువ్వుంటావో ఉండవో" అని నవ్వాడు.
చెడ్డవాడేం కాదు
అతని మెడలో ఉన్నదీ ఏజెన్సీ తాడే.

మూడో అంతస్తు, ఫ్యాన్సీ చీరలు.
కుర్చీలు కొనేవాళ్ళకి.
మాకు గోడ ఉంది,
గోడకి ఆనుకుంటే చూడ్డానికి కెమెరా ఉంది.
"శైలజా, ఆ వంకాయరంగు తియ్యమ్మా"
తీస్తాను.
నలభై విప్పితే ఒకటి బిల్లుకెళ్తుంది
ముప్పై తొమ్మిది మళ్ళీ మడతపెట్టాలి
అంచుకి అంచు కలిపి,
అసలెవరూ విప్పనే లేదన్నట్టు.

జనం పల్చబడితే మూడింటికే
"నువ్వెళ్ళిపో" అంటారు. సగం కూలి.
ఇంటికెళ్ళను.
కంచరపాలెంలో ఇంటావిడ మెట్లమీదే కూర్చుంటుంది,
నా సగం పూట ఆమె కంటపడితే
అద్దె అడిగే తారీఖు ముందుకి జరుగుతుంది.
కాంప్లెక్సులో పలాస బస్సుల దగ్గర కూర్చుంటాను
సంచులవాళ్ళ మధ్య, నా ఖాళీ టిఫిన్ డబ్బాతో.
"ఏ ఊరెల్తన్నావు తల్లీ?" అడిగాడొక ముసలాయన.
ఏ ఊరూ కాదు తాతా, రాత్రి ఎనిమిదింటి దాకా.

మొన్న శనివారం
ఒకామె మెట్లు దిగి వస్తోంది నాలుగో అంతస్తు ఆఫీసు నుంచి
(లిఫ్టు మనకి కాదని తెలిసిన మనిషి).
నా ముందు ఆగి, నా గుండెల వంక చూసి
"నువ్వేనా నేను?" అంది.
తర్వాత చెయ్యిచాచి పిన్ను సర్దింది.
"ఇది ఎప్పుడూ వదులే. దారం కట్టుకో, లేకపోతే గుచ్చుకుంటుంది."
పదకొండు రోజుల డబ్బులు రావాలట తనకి.
ఇది నాలుగోసారట తిరగడం.
గాజువాకలో సెల్‌ఫోన్ల కొట్లో నిలబడుతోందట,
అక్కడి బ్యాడ్జిమీద ఎవరి పేరని అడిగితే
"పేరెందుకూ, ట్రైనీ అని ఉంటుంది" అంది.
"ఎన్నాళ్ళ నుంచి?"
"రెండేళ్ళు."
కౌంటరు మీద పరిచి ఉన్న చీర చెంగు
మాట్లాడుతూనే మడతపెట్టేసింది.
నాకంటే బాగా పెట్టింది.

ఆ రాత్రి మందారం కొమ్మ ఊగుతోంది కిటికీకి కొట్టుకుంటూ,
సముద్రంలో ఎక్కడో వాయుగుండమట.
ఫోను మోగింది.
రేపటి పేర్లలో, ఆరోది:
శైలజ, పదింటికి.

తననే మళ్ళీ పిలిచారో
నన్నో.
నా అసలు పేరు నూకరత్నమని
ఆ గ్రూపులో ఒక్కరికీ తెలీదు.

కిటికీలోంచి తొంగి చూసి
సూరిబాబుకి అర లీటరే చెప్పాను.