కొలతల పుస్తకం

గుణుపూరు పాత బస్టాండు వెనక, నా మిషను పక్కన
ఎర్రట్ట పుస్తకం ఒకటే.
ముందునించి తిప్పితే జాకెట్లు,
వెనకనించి తిప్పితే కథలు.

అటు: ఛాతీ ముప్పైనాలుగు, చెయ్యి తొమ్మిది, శుక్రవారానికి కావాలి.
ఇటు: విజయవాడ వారపత్రిక, పద్నాలుగు పేజీలు,
పంపింది కార్తీకంలో. ఉలుకూ పలుకూ లేదు.
హైదరాబాదు మాసపత్రిక: "నిడివి ఎక్కువైంది."
నిడివి సంగతి నాకా చెప్పడం!
రెండు పేజీలు లోపలికి మడిచి కుట్టేశాను.
కత్తిరించలేదు. రేపెవరైనా వదులు చెయ్యమంటే
గుడ్డ ఉండాలి కదా.
విశాఖపట్నం వాళ్లది, పత్రికే మూతపడింది.
ఆ గడిలో ఏం రాయాలో తోచక
సుద్దతో ఒక గీత గీశాను.
వారానికి అదీ రాలిపోయింది.

పోస్టాఫీసులో బెహరా బాబుకి తెలుగు రాదు.
కవరు తూస్తూ "కోర్టు కాగితాలా?" అంటాడు ఒడియాలో.
"గప" అంటాను.
మన గప్పాలకి చుట్టంలా ఉంటుందా మాట.
నవ్వి, తిరుగు టపాకి కూడా స్టాంపులు చింపిస్తాడు.
రానూపోనూ టిక్కెట్టు కొనిచ్చే
పంపుతాను నా కథల్ని.

ఆఖర్న హామీపత్రం.
ఈ కథ నా సొంతం. దేనికీ అనుకరణ కాదు.
మరే పత్రిక పరిశీలనలోనూ లేదు.
ఇంతదాకా చెయ్యి ఆగదు.
"అనువాదం కాదు" దగ్గర
సూది విరుగుతుంది.

సొంబారి కొండ దిగొచ్చి, ఈ బల్లమీదే కూచుని
సగం సవరలో సగం ఒడియాలో చెప్పింది కదా,
వంశధార పొంగిన రాత్రి
మేకపిల్లని నెత్తికెత్తుకుని దాటిన సంగతి.
భయానికి ఆవిడ వాడిన మాట
నాకు తెలుగులో దొరకలేదు.
దగ్గర రంగు దారం వేశాను.
దూరానికి తెలీదు.
నాకు తెలుస్తోంది.

అయినా సంతకం పెట్టాను,
పొట్నూరు హేమసుందరి అని, పిన్‌కోడుతో సహా.

నిన్న సొంబారి వచ్చింది. "నాది అయిందా?"
పుస్తకం ఏ వైపునించి తియ్యాలో
ఒక్క క్షణం తెలీలేదు.
జాకెట్టు తీసిచ్చాను.
తొడుక్కుని, చేతులు పైకెత్తి చూసుకుని
చంక దగ్గర పట్టేసిందంది.
శనివారం రమ్మన్నాను. టీ కూడా తాగి వెళ్లాలన్నాను.
ఆ మాట ఇంకోసారి చెప్పించుకోవాలి.
తేదీ రాసుకున్నాను,
వెనకవైపు.