వినిపిస్తే చెయ్యెత్తండి

పగలంతా గాజుకిటికీ గదిలో
జనాల చెవులకు తొడుగులు పెట్టి
వినిపిస్తే చెయ్యెత్తండి అంటుంటాను.
ఇరవై డెసిబెల్స్, నలభై, అరవై.
ఎత్తనివాళ్ళ కాగితం మీద గీత
అలిపిరి మెట్లలా కిందికి దిగిపోతుంది.

ఇట్లాంటి దానికి ఆ పిచ్చి ఎందుకే అంది
పక్క గదిలో కళ్ళు చూసే హైమవతి.
చెన్నైలో మూడు చేతులు మారిన
రెండు తలుపుల ఎర్రబండి నాది.
జీవకోన నుంచి రేణిగుంట దాకా
పాలప్యాకెట్లతో, సద్దిక్యారియర్‌తో
దినామూ తోలేది.
చూపుకి చిరుత. గొంతు మాత్రం
జలుబు చేసిన గుమాస్తాది.

మూడు నెలలు, రాత్రిళ్ళు, దుప్పటి కింద
ఇయర్‌ఫోన్లలో గొట్టాలు విన్నాను.
ఒకటి గుడ్డ చింపినట్టు.
ఒకటి డబ్బాలో కందిరీగ.
ఒకటి, అబ్బ,
కథ ఎత్తుకోబోతూ హరిదాసు గొంతు సవరించుకున్నట్టు.
ధర చూసి మూడుసార్లు మూసేశాను.
నాలుగోసారి మూయలేదు.

షెడ్డులో దస్తగిరి
గొట్టాన్ని కాదు, ముందు నన్ను చూశాడు.
"రేసుకా, ఆస్పత్రికా?"
ఆస్పత్రికే.
"అయితే మధ్యలో ఉండే ఈ ఉండను తియ్యొద్దు మేడమ్.
తీస్తే రెండువేల ఐదొందల తిరుగుళ్ళ కాడ
తలకాయలో తుమ్మెద దూరినట్టుంటాది.
మొదటి దినం బాగుంటాది.
పదో దినం నువ్వే ఫోన్ చేసి నన్ను తిడతావు."
ఆ తుమ్మెద నాకు తెలుసు.
ఆరు సిలిండర్లకి, ఆ తిరుగుడు మీద,
సరిగ్గా నూటపాతిక హెర్ట్జ్.
నా గ్రాఫులో ఎడమ చివర, మొదటి గడి.

బోల్టులు నాలుగు.
మూడు కిరసనాయిలుకి లొంగాయి.
నాలుగోది మురుగేశు తమిళ తిట్లకీ లొంగలేదు,
మంట పెట్టి ఎర్రగా కాలిస్తే తప్ప.
పాత సైలెన్సర్‌ని దించి వంచితే
కడుపులోంచి గ్లాసుడు నల్లనీళ్ళు.
ఇన్నేళ్ళూ ఇది మింగిన మాటలేమో అనుకున్నా.
"ఆవిరి, చలికాలం నీళ్ళు" అన్నాడు దస్తగిరి
తుడుచుకోమని నాకు బనీను గుడ్డ ఇస్తూ.

రబ్బరు రింగుల్ని సబ్బునీళ్ళతో ఎక్కించాడు,
గాజులంగట్లో బిగుతు గాజులెక్కించినట్టు.
గొట్టానికీ బంపర్‌కీ మధ్య రెండు వేళ్ళ సందు.
"వేడికి ఇనుము పెరుగుతాది. చోటియ్యాల."

తాళం తిప్పితే
బల్లమీద టీగ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి.
మురుగేశు ఎగిరాడు. దస్తగిరి నవ్వలేదు,
అతుకుల దగ్గర అరచెయ్యి ఆడించి
గాలి ఎక్కడ కారుతుందో వెతుకుతున్నాడు.
పాతదాన్ని పారెయ్యొద్దన్నాడు చివర్లో,
ఆర్టీవో ఆఫీసుకి పొయ్యే దినం అదే కావాలంట.
ఇప్పుడది నా మంచం కింద ఉంది.

ఆ రాత్రి మా సందులో
ముందు కుక్కలు లేచాయి, తర్వాత లైట్లు.
తెల్లారి ఐదుకి, చల్లటి ఇంజన్‌తో, మరీ గట్టిగా.
వాచ్‌మన్ చెంగల్రాయుడు ఒక్క మాటనలేదు.
చెవుల్లో దూది పెట్టుకుని గేటు తీశాడు.
దూది!
నన్ను చూసి.

ఇప్పుడు పొద్దున్నే హ్యాండ్‌బ్రేకు దించి
న్యూట్రల్‌లో వదిలేస్తాను.
వెనకనుంచి చెంగల్రాయుడిది ఒక తోపు.
స్టీరింగ్ మొండికేస్తుంది, బ్రేకు రాయి,
రెండు కాళ్ళతో తొక్కాలి.
ఎనభై ఆరు వేలు పోసి తెచ్చుకున్న గొంతు
నోరు మూసుకుని వాలంతా దిగుతుంది,
తడి ముగ్గుల పక్కనుంచి,
చక్రాల కింద ఇసుక మాత్రం కరకరమంటూ.

పంక్చరంగడి దాటాక తాళం తిప్పుతాను.
హరిదాసు గొంతు సవరించుకుంటాడు.
కరకంబాడి రోడ్డు ఖాళీ. మూడో గేరు.
ఎవరూ అడగలేదు,
స్టీరింగ్ మీంచి
ఒక చెయ్యి ఎత్తుతాను.