ఇంటి నంబరు కాలమ్

మిర్యాలగూడ గాలికి ఊక వాసన.
మాపటీలి పిల్లలు ఇండ్లకు వోయినంక
అంగన్‌వాడీకి తాళమేసి
చంకల ఓటరు లిస్టు వెట్టుకొని
మిల్లు గేటు కాడ నిలవడ్డ.

గుమాస్తా చంద్రమౌళి కుర్చీల కెళ్లి లేవకుంటనే
"ఇండ్ల మనోళ్లెవ్వరు లేరు టీచరమ్మ,
అంత బీహారోళ్లే" అన్నడు.
లిస్టు తిరగేసి మరగేసి సూసిన.
'మనోళ్లు' అన్న కాలమ్ యాడ లేదు.

బాయిలర్ ఎనుక రేకుల వరుస, మూడో అర్ర.
రామ్‌సూరత్ మాంఝీ, ముప్పై నాలుగేండ్లు,
బస్తాలు మోసి మోసి మెడ మీద కాయ.
ఈడికొచ్చి ఎన్నేండ్లాయె అంటె
ఏండ్లు చెప్పలే.
"పదకొండు పంటలు" అన్నడు.
వానకాలాలు ఆరు, యాసంగులు ఐదు.
ఎడమ కాలువ కింది వడ్లన్ని
ఆ మెడ మీదికెళ్లే లారీ ఎక్కినయి.

కతిహార్ల ఓటున్నదా?
ఉండె.
ఎవరో వచ్చి, తాళం జూసి, కొట్టేసి పోయిండ్రట.
ఆడ లేడని రాసిండ్రు.
ఈడ ఉన్నడని ఎవ్వరు రాయలే.

పెన్ను ఆగింది నాకు.
నేను కోస్గి దిక్కు బిడ్డను, పాలమూరు లేబర్ బిడ్డను.
మా నాయిన భివండీల ఇటుకలు మోసిండు.
ఎలచ్చన్లొస్తె బస్సు పంపేటోళ్లు,
రాను పోను కిరాయి, పూరీల పొట్లం,
ఏలికి సిరా ఆరకముందే మల్ల బస్సుల.
ఒక్క ఏడు బస్సు రాలే.
సొంత పైసల్తోని వచ్చిండు.
బడికాడ లిస్టుల ఆయన పేరు మీద అడ్డగీత,
పక్కన చిన్నగ 'వలస'.
తువ్వాల దులిపి భుజం మీదేసుకొని
"నా పేరే సచ్చింది బిడ్డా, నేను గాదు గద"
అని నవ్విండు.

ఇంకోటి కూడ చెప్పాలె.
ఈ పని మొదలువెట్టిన ఏడు
నేను సుత గా మాటే రాసిన.
నలభై ఒక్క పేర్లు. అన్ని తాళాలు జూసే.
ఎవరెవరు యాడ తువ్వాల దులిపిండ్రో.

"టీచరమ్మ, మా నాయినకు తెలుగు రాదు,
నన్నడుగు, నే జెప్త"
బబిత ఉరికొచ్చింది, నా బడి పిల్లనే,
పొద్దుగాల రెండో గుడ్డు కోసం కొట్లాడిన పోరి.
తండ్రి పేరు, తాత పేరు, పుట్టిన ఏడు,
అన్ని గడగడ అప్పజెప్పింది.
ఇంటి నంబరు కాడ నోరు మూసింది.

"అది కొట్టం, దానికి నంబరెక్కడిది?"
గుమాస్తా ఎప్పుడొచ్చిండో ఎనుక నిలవడ్డడు.
రాసిన:
బాయిలర్ ఎనుక, మూడో రేకు.

పైన సారు తిప్పి పంపుతడేమో.
పంపనీ, మల్ల రాస్త.

సంతకం కాడ బొటనేలు ఒత్తిండు రామ్‌సూరత్.
గీతల్లేవు. గోనెలు మింగినయి.
రేషన్ మిషన్ గుర్తువట్టని ఏలు.
ముద్ర జూసి సిగ్గువడ్డడు.
ఏంగాదన్న, ఆ దినం సిరాకు గీతలక్కర్లే,
గోరుంటే సాలు.

బబిత హిందీల చెప్పింది, ఇంకేదో కలిపి.
ఇద్దరు నవ్విండ్రు. నాకు చెప్పలే.

గేటు కాడ చంద్రమౌళి:
"గింత సేపు ఒక్కడి కోసమేనా?"
ఇయ్యాల ఒక్కడే.
అర్రలు పద్దెనిమిది ఉన్నయి.